అమెరికా బాటపక్క పూటకూళ్ళు - మూడు జంటల కథ

పూటకూళ్ళయిల్లు మన సాహిత్యమునకు క్రొత్త కాదు. 'క్రీడాభిరామము'న ఓరుగల్లు వీధులలో తిరుగాడిన మిత్రులిద్దరు రూక యిచ్చి కడుపార భుజించు చోటు వెదకికొనిరి. 1830వ సంవత్సరమున చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకిని నీటివసతి యెట్టిదో, అంగళ్ళు కలవో లేవో, దిగుటకు తగిన చోటున్నదో లేదో శ్రద్ధగా వ్రాసిపెట్టిరి. బాటసారి యే దేశమువాడైనను అతని ప్రశ్నలు మూడు: అన్నమెక్కడ, నీళ్ళెక్కడ, రాత్రి తల దాచుకొనుటెక్కడ? మోటారుకారు వచ్చి ప్రయాణపు వేగమును మార్చినదే గాని ఈ ప్రశ్నలను మార్చలేదు. కొందరు బాటసారులకు మాత్రము నాల్గవ ప్రశ్న ఒకటి యుండెడిది. నన్ను లోనికి రానిత్తురా?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ప్రశ్నలకు మూడు జంటలు మూడు విధముల సమాధానములు చెప్పిరి. ఆ జంటలలో ఒకరినొకరు ఎరిగినవారున్నట్లు మాకు తోచదు. ఐనను మూడు సమాధానములును 1936వ సంవత్సరముననే వెలువడినవి. వారి కథ చెప్పుటకు ముందు ఆనాటి బాటను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది.

హెన్రీ ఫోర్డు 1908లో 'మోడల్ టి' కారును 850 డాలర్లకు అమ్మ మొదలిడెను. పదునైదు పదునారు సంవత్సరములలో దాని వెల 300 డాలర్లకు లోబడినది. 1927లో దాని తయారీ నిలిపివేయునాటికి కోటిన్నర బండ్లు కర్మాగారముల నుండి వెలువడెను. రైతు, ఉపాధ్యాయుడు, దుకాణములో గుమాస్తా అందరును కారు గలవారైరి. 1926లో దేశమందలి ముఖ్య మార్గములకు అంకెలు వేసిరి. చికాగో నుండి లాస్ ఏంజిలిస్ వరకు రమారమి 2,400 మైళ్ళు సాగిన 66వ నెంబరు బాట అట్లు పుట్టినదే. రైలు ప్రయాణికునకు స్టేషనున్నది, స్టేషనులో భోజనశాల యున్నది. కారు ప్రయాణికునకు అట్టిదేమున్నది? పెట్రోలు బంకు ప్రక్కన రేకుల కొట్టు, అందులో నిన్నటి మాంసము, మొన్నటి రొట్టె. ఆ రోజులలో బాటపక్క తిండి తిని రోగము తెచ్చుకొనుట సామాన్యమైన విషయము.

ఇక అంగడివానికి వేరొక చిక్కు. గంటకు నలుబది మైళ్ళ వేగమున పోవువాని కన్ను ఒక కొట్టుమీద నిలుచునది కొన్ని సెకండ్లు మాత్రమే. ఆ కొన్ని సెకండ్లలో వానిచేత బ్రేకు తొక్కించుట ఎట్లు? ఈ చిక్కు నుండియే అమెరికా బాటపక్క వింతలన్నియు పుట్టినవి. కారు రాకమునుపే, 1881లో, న్యూజెర్సీ సముద్రతీరమున జేమ్స్ లాఫర్టీ అను నతడు ఇండ్ల స్థలములు అమ్ముకొనుటకై ఆరంతస్తుల ఏనుగును కట్టి త్రోవ చూపెను. కొయ్య చట్రము, పైన తగరపు రేకులు, కాళ్ళలో మెట్లు, వీపున అంబారీ. పిమ్మట ఆ యేనుగునకు 'లూసీ' యని పేరు వచ్చినది. 1970లో దానిని పడగొట్టనున్నప్పుడు ఊరివారు చందాలెత్తి వేరొక చోటికి నడిపించుకొనిపోయిరి. నేడది జాతీయ చారిత్రక చిహ్నము. 1931లో లాంగ్ ఐలండునందు మార్టిన్ మౌరర్ అను బాతుల పెంపకందారు ఇరువది అడుగుల ఎత్తు సిమెంటు బాతును కట్టించి, దాని పొట్టలో కూర్చుండి బాతులను, గ్రుడ్లను అమ్మెను. ఆ బాతు కన్నులు ఫోర్డు కారు వెనుక దీపములు! కెంటకీ రాష్ట్రమున ఫ్రాంక్ రెడ్‌ఫర్డ్ అను నతడు అమెరికా ఆదివాసుల గుడారములవలె కోసుగా కాంక్రీటు గదులు కట్టి, 1936లో ఆ నమూనాకు పేటెంటు పొందెను. వానికి 'విగ్వామ్ గ్రామము' అని పేరు. నిజమునకు విగ్వామ్ అనునది గుండ్రని గుడిసె. కోసుగా నుండు డేరాను 'టీపీ' యందురు. రెడ్‌ఫర్డ్‌కు ఆ మాట నచ్చలేదట. భూమి పోగొట్టుకొన్నవారి యిల్లు, భూమి పుచ్చుకొన్నవారికి ఒక రాత్రి వినోదమైనది. పేరైనను సరిగా పెట్టియుండవచ్చును గదా యని మాకు తోచును.

ఇక మొదటి జంట. డంకన్ హైన్స్ కెంటకీ రాష్ట్రమునందలి బౌలింగ్ గ్రీన్ పట్టణమున 1880లో జన్మించెను. పసితనముననే తల్లి పోగా అమ్మమ్మ పెంచినది. ఆమె చేతి వంటయే అతని నాలుకకు కొలబద్ద యైనది. పెద్దవాడై చికాగోలో ముద్రణ సంస్థల తరఫున ఊరూర తిరుగు వ్యాపార ప్రతినిధిగా కుదిరెను. 1905లో ఫ్లారెన్స్‌ను పెండ్లాడెను. వారికి సంతానము లేదు. వారమంతయు ఉద్యోగరీత్యా తిరిగివచ్చిన భర్త ఆదివారము ఇంట విశ్రమింపవలసినది పోయి, భార్యను కారులో కూర్చుండబెట్టుకొని మరల బయలుదేరెడివాడు. ఫలానా ఊరిలో ఒక వితంతువు మంచి కోడికూర వండునని వినినచో చాలును, వంద మైళ్ళైనను పోవలసినదే. ఎక్కడ తిన్నదియు, ఏది బాగున్నదియు, వెల యెంతయు చిన్న పుస్తకమున గుర్తువేసికొనుట అతనికి అలవాటు.

ఈ వెర్రి యెరిగిన మిత్రులు, మిత్రుల మిత్రులు "ఆ మార్గమున పోవుచున్నాము, ఎక్కడ తినవలెను?" అని అడుగసాగిరి. జాబులు వ్రాసి వ్రాసి విసిగి, 1935 క్రిస్మసునకు శుభాకాంక్షల కార్డులకు బదులుగా 30 రాష్ట్రములలోని 167 భోజనశాలల పట్టికను అచ్చువేయించి పంచిపెట్టెను. అది చేరనివారు వెలకైనను ఇమ్మని వెంటబడిరి. మరుసటి యేట, 1936లో, 'అడ్వెంచర్స్ ఇన్ గుడ్ ఈటింగ్' అను పుస్తకము వెలువడెను. తొలుత దానివలన నష్టమే వచ్చినది. పిమ్మట ఏటేట క్రొత్త ముద్రణలు వెలువడి, కారులో ఆ పుస్తకము లేని ప్రయాణికుడు అరుదయ్యెను.

హైన్స్ పద్ధతి యొకటి చెప్పుకొనదగినది. అతడు ప్రకటనలు పుచ్చుకొనలేదు. ఊరక పెట్టిన భోజనము ముట్టలేదు. వడ్డించిన బల్లకంటె ముందు వంటయిల్లు చూచెడివాడు. కొన్నిచోట్ల పెరటిలోనికి పోయి చెత్తడబ్బాలు చూచెడివాడు. సొంపైన తెల్లని బల్లగుడ్డలు చూచి మోసపోవుట సులభము, పెరడు అబద్ధమాడదు. ఏ ప్రభుత్వాధికారమును లేని ఒక ప్రయాణికుని యభిప్రాయమునకు జడిసి వందలాది వంటశాలలు కడిగి శుభ్రపరుపబడినవి. 'డంకన్ హైన్స్ సిఫారసు చేసినది' అను పలక వాకిట వ్రేలాడదీయుటకు యజమానులు అద్దె చెల్లించిరి. దానిని మరల ఊడబెరుకుదురను భయము వారిని కుదురుగా నుంచినది.

ఫ్లారెన్స్ 1938లో మరణించెను. ముప్పదిమూడేండ్లు ఆ కారులో ప్రక్కన కూర్చుండి, ఆ బల్లలవద్ద ఎదుట కూర్చుండి తిన్నది ఆమెయే. పుస్తకముపై పేరు మాత్రము భర్తది. తరువాతి కాలమున ఆ పేరు కేకుపిండి పొట్లములపై కెక్కి, 1956లో ప్రొక్టర్ అండ్ గాంబిల్ కంపెనీ పాలయ్యెను. నేడు అమెరికాలోని మన తెలుగు ఇల్లాండ్రు సయితము పిల్లల పుట్టినరోజునకు ఆ పొట్లము కొందురు. అది యొక మనుష్యుని పేరని ఎరిగినవారు తక్కువ. అతడు 1959లో గతించెను, మార్గదర్శిని 1962తో నిలిచెను.

రెండవ జంట తాము ప్రయాణము చేసినవారు కారు. ప్రయాణికుల కొరకు కాచుకొన్నవారు. టెడ్ హస్టెడ్ మందుల శాస్త్రము చదివినవాడు. 1931 డిసెంబరులో, తండ్రి మిగిల్చిపోయిన 3,000 డాలర్లతో, దక్షిణ డకోటా రాష్ట్రమున వాల్ అను ఊర మందుల దుకాణము కొనెను. అమెరికాలో మందుల దుకాణమనగా ఐస్‌క్రీము, సోడా కూడ దొరకు చోటు. ఊరి జనాభా మూడువందల పైచిలుకు. ఆర్థికమాంద్యము ఒకవైపు, అనావృష్టి వేరొకవైపు. రైతు చేతిలో కాసు లేదు. టెడ్, భార్య డొరోతీ, నాలుగేండ్ల కొడుకు, ముగ్గురును దుకాణము వెనుకభాగమున దుప్పటి అడ్డము కట్టుకొని కాపురముండిరి. అయిదేండ్లు చూతము, అప్పటికిని సాగనిచో పోదమని దంపతులు ఒప్పందము చేసికొనిరి. దినములు గడచినవి, ఏండ్లు గడచినవి. టెడ్ ఈగలు తోలుకొనుచు కూర్చుండెను.

అయిదవ యేడు వచ్చినది. 1936 జూలైలో ఒక ఆదివారము. పసిబిడ్డను నిదురపుచ్చి తాను కూడ కునుకు తీయుదమని డొరోతీ లోనికి పోయెను. గంటకే లేచివచ్చెను. రాజబాటపై పోవు కార్ల మోతకు నిదుర పట్టలేదు. ఆ మోతయే ఆమెకు ఉపాయము చెప్పినది. ఈ యెండలో మైదానముల మీదుగా పోవువారికి కావలసినదేమి? నీళ్ళు. మంచు వేసిన చల్లని నీళ్ళు. మనవద్ద మంచు కావలసినంత యున్నది. ఊరక యిత్తుమని బోర్డులు పెట్టిన రారా?

ఆ కాలమున బర్మా-షేవ్ అను క్షౌరపు క్రీము కంపెనీవారు బాటవెంట చిన్న చిన్న పలకలు వరుసగా నాటి, పలకకు రెండు మూడు మాటల చొప్పున వ్రాసి, చివరి పలకకు ప్రాస కలియునట్లు చేసి ప్రయాణికులను నవ్వించెడివారు. 1925లో మిన్నెసోటాలో మొదలైన ఆ ముచ్చట 1963 వరకు సాగినది. టెడ్ ఆ మాదిరినే ఎన్నుకొని, బడి చదువుచున్న ఒక కుర్రవాని సాయమున పలకలు చేసి రంగువేసి బాటవెంట నాటి వచ్చెను. సిగ్గుపడుచునే నాటెనట. అతడు తిరిగి దుకాణము చేరుసరికి జనము అప్పటికే వచ్చి నీళ్ళడుగుచున్నారు. డొరోతీ ఇటునటు పరుగెత్తుచున్నది. నీళ్ళు త్రాగినవారు ఊరక పోలేదు. ఐస్‌క్రీము తినిరి, కొందరు భోజనమునకు కూర్చుండిరి. మరుసటి వేసవికి పనికై ఎనమండుగురు బాలికలను నియమింపవలసివచ్చెను.

చలివేంద్రము పెట్టుట మన దేశమున పుణ్యకార్యము. హస్టెడ్ దంపతులకది వ్యాపారము. కాని దాహము తీరినవానికి ఆ భేదము పట్టదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైనికులు తాము పోయిన దూరదేశములలో 'వాల్ డ్రగ్ ఇన్ని మైళ్ళు' అని బోర్డులు నాటిరి. ఇంటి కెంత దూరమున్నామో చెప్పుకొనుటకు వారికది గురుతైనది.

మూడవ జంట విషయమున కొంత నిదానింపవలెను.

విక్టర్ హ్యూగో గ్రీన్ తపాలా జవాను. కాపురము న్యూయార్కులోని హార్లెమ్ పేటలో. జాబులు పంచుట నదికి ఆవల న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో. భార్య ఆల్మా, వర్జీనియా రాష్ట్రపు రిచ్‌మండ్ ఆడపడుచు. ఇరువురును నల్లజాతివారు. ఆ దినములలో దక్షిణ రాష్ట్రములలో చట్టముచేతను, ఉత్తరమున పెక్కుచోట్ల ఆచారముచేతను నల్లజాతివారికి భోజనశాలలలో బల్ల లేదు, హోటళ్ళలో గది లేదు, పెట్రోలు పోయించుకొన్న బంకునందే మరుగుదొడ్డికి అనుమతి లేదు. సూర్యాస్తమయము లోపల ఊరు విడిచిపోవలెనని నల్లజాతివారిని శాసించిన పట్టణములు దేశమంతట నుండెను. కారు కొన్నవారు అందుకే కొనిరి; బస్సులో వెనుక కూర్చుండవలసిన అవమానము తప్పునని. కారులో బయలుదేరునపుడు అట్టపెట్టెలలో వేయించిన కోడి, గ్రుడ్లు, రొట్టె సర్దుకొని, నీళ్ళు మోసికొని, వెనుక సీటున దుప్పట్లు పరచుకొని పోయెడివారు. పిల్లలు "ఇక్కడ దిగుదమా?" అని అడిగినపుడు తల్లి ఏమి చెప్పవలెను? ఆకాశమున ఏనుగు కనబడుచున్నది, బాటపక్క బాతు కనబడుచున్నది. దిగినచో ఏమగునో తెలియదు.

విక్టర్ గ్రీన్ 1936లో ఒక చిన్న పుస్తకము వేసెను. పేరు 'నీగ్రో మోటరిస్ట్ గ్రీన్ బుక్'. తొలి సంచికలో న్యూయార్కు పరిసరములు మాత్రమే యున్నవి. మరుసటి యేడు నుండి దూరప్రాంతములు చేరినవి; క్రమముగా దేశమంతయు చేరినది. వివరములు తెచ్చినవారు సాటి తపాలా జవానులు, ప్రయాణము చేసివచ్చిన చదువరులు. ఏ వీధిలో ఎవరు గది ఇత్తురో జాబులు పంచువానికి తెలియనట్లు ఇంకెవ్వరికి తెలియును? ఎస్సో పెట్రోలు బంకులలో పుస్తకము దొరకెడిది. అందు హోటళ్ళు, భోజనశాలలు, క్షౌరశాలలు, మరమ్మతు కొట్లు కలవు; హోటలే లేని ఊళ్ళలో 'టూరిస్టు గృహములు' కలవు. అనగా సామాన్యుల ఇండ్లు. ఒక గృహిణి తన యింట ఒక గది సర్ది, రాత్రి వేళ తలుపు తట్టిన అపరిచిత కుటుంబమునకు అన్నము పెట్టి పడకవేయును. ఆ పట్టికలలో ఆడవారి పేర్లు మెండుగా కనబడును.

హైన్స్ పుస్తకమును, గ్రీన్ పుస్తకమును ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒకే సంవత్సరమున ఒకే దేశము రెండు దేశములుగా కనబడును. ఒక పుస్తకము ఎక్కడ రుచిగా నుండునో చెప్పినది. రెండవది ఎక్కడ ప్రమాదము లేదో చెప్పినది. హైన్స్ వంటయింటి శుభ్రతకు హామీ యిచ్చెనే గాని వాకిట ఆదరణకు ఈయలేదు. అతని చదువరులలో అత్యధికులకు ఆ హామీ అక్కరయే లేదు.

ఈ విషయమున మనము పరులను తప్పుపట్టి ఊరకుండరాదు. మన రైలు స్టేషన్లలో హిందువులకొక కుండ, ముసల్మానులకొక కుండ యుండినవి. మన పట్టణములలో బ్రాహ్మణులకు వేరుగది గల కాఫీహోటళ్ళుండినవి. ఆ రెండు గదులలో దేనికిని రానీయని జనము వెలుపల నిలుచుండినది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగపు 15వ అధికరణము దుకాణములను, భోజనశాలలను, హోటళ్ళను, బావులను, చెరువులను, బాటలను పేరుపేరున చెప్పి, కులమతములను బట్టి ఎవ్వరిని అడ్డగింపరాదని శాసించినది. మన ఊళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి ఆ తరువాత కూడ ఎంతకాలము నిలిచినదో ఎరిగినవారు చదువరులలోనే యుందురు.

1956 అమెరికా బాటను మార్చివేసినది. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ జూన్ 29న సంతకము చేసిన చట్టముచే 41,000 మైళ్ళ క్రొత్త మహామార్గములు నిర్ణయమైనవి. వీటికి అడ్డుబాటలు లేవు, నడుమ దిగుటకు వీలులేదు, ఊళ్ళను తప్పించుకొనిపోవును. పాత బాటపక్క బ్రదికినవారికి ఇది పిడుగుపాటు. కెంటకీలోని కోర్బిన్ ఊర హార్లండ్ శాండర్స్ నడిపిన భోజనశాలను హైన్స్ తన 1939 ముద్రణలో మెచ్చియుండెను. క్రొత్త బాట ప్రక్కగా పోవునని తెలియగానే బేరము కూలెను. 1956లో దానిని నష్టమునకమ్మి, అరువదియైదేండ్లు దాటిన వయస్సున శాండర్స్ తన కోడి మసాలా కారులో వేసికొని ఊరూర తిరిగి హోటళ్ళవారికి అమ్మజొచ్చెను. హైదరాబాదు వీధులలో నేడు గడ్డముతో నవ్వుచు కనబడు కర్నల్ ఆయనయే. పాత 66వ నెంబరు బాటను 1985లో పట్టికనుండి తొలగించిరి. వాల్ ఊరిని మాత్రము క్రొత్త బాట బాధింపలేదు. నేటికి ఏటా లక్షలాది జనము అక్కడ ఆగుచున్నారు. మంచునీళ్ళు ఇంకను ఉచితమే.

గ్రీన్ బుక్ కథ వేరొక విధముగా ముగిసినది. ఏదో యొకనాడు ఈ పుస్తకము అక్కరలేని దినము వచ్చునని, ఆనాడు సంతోషముగా దీనిని ఆపివేయుదుమని గ్రీన్ ముందుమాటలోనే వ్రాసికొనెను. ఆ దినము అతడు చూడలేదు. 1960లో, గ్రీన్స్‌బరో పట్టణమున నలుగురు నల్లజాతి విద్యార్థులు వుల్‌వర్త్ దుకాణపు భోజనబల్లవద్ద కూర్చుండి లేవక నిరసన తెలిపిన యేడే, అతడు మరణించెను. ఆల్మా పుస్తకమును మానలేదు. మరి కొన్నేండ్లు తానే నడపించెను.

1964 జూలై 2న పౌరహక్కుల చట్టము వచ్చెను. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో 'ఓలీస్ బార్బెక్యూ' అను కుటుంబపు భోజనశాల దానిని ప్రతిఘటించెను. 1927లో పెట్టిన నాటినుండి వారు నల్లజాతివారిని బల్లవద్ద కూర్చుండనీయలేదు. పొట్లము కట్టి యిచ్చి పంపెడివారు. పనివారు 36 మందిలో మూడింట రెండు వంతులు నల్లజాతివారే. వండవచ్చును, వడ్డింపవచ్చును, కూర్చుండరాదు. మా దుకాణము స్థానికమైనది, కేంద్రప్రభుత్వమునకు మాపై అధికారము లేదని వారు వాదించిరి. న్యాయస్థానము వారి లెక్కలు తెరచి చూచెను. పదిరెండు నెలలలో కొన్న రమారమి 1,50,000 డాలర్ల సరకులలో 69,683 డాలర్ల మాంసము పరరాష్ట్రమునుండి వచ్చినది. ఆ మాంసము రాష్ట్రపు సరిహద్దు దాటినది గనుక చట్టము కూడ దాటునని 1964 డిసెంబరు 14న సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. మనుష్యుని గౌరవము మాంసపు రసీదు వెంట రావలసివచ్చినది. న్యాయవాదులు అది గట్టి త్రోవ యందురు.

గ్రీన్ బుక్ చివరి సంచిక 1966-67 నాటిది. అన్ని హోటళ్ళు తెరువబడిన పిమ్మట, పట్టికలోని నల్లజాతివారి హోటళ్ళు, ఇండ్లు, కొట్లు అనేకము గిరాకి లేక మూతపడినవి. కొన్నింటిపై క్రొత్త బాటలే పడినవి. తరువాతి తరమున జేన్, మైకేల్ స్టర్న్ అను దంపతులు కారులో దేశమంతయు తిరిగి బాటపక్క తిండిని గూర్చి 1977లో 'రోడ్‌ఫుడ్' వ్రాసిరి. వాస్తుశిల్పులైన రాబర్ట్ వెంచూరి, డెనీస్ స్కాట్ బ్రౌన్ దంపతులు అంతకుముందే, 1972లో, లాంగ్ ఐలండు బాతు పేరిటనే అట్టి కట్టడములకన్నిటికిని 'బాతు' అని శాస్త్రనామము పెట్టిరి. బాతు నిలిచినది, ఏనుగు నిలిచినది, కోసుగదులు కొన్ని నిలిచినవి. వాటిని కాపాడుటకు సంఘములున్నవి. గ్రీన్ బుక్‌లోని ఇండ్లు మామూలు ఇండ్లగుటచే వాటికి అట్టి రక్షణ ఆలస్యముగా వచ్చినది. ఓలీస్ బార్బెక్యూ ఉన్న బర్మింగ్‌హామ్‌లోనే ఏ. జి. గాస్టన్ అను నల్లజాతి వ్యాపారి 1954లో ఒక మోటెల్ కట్టించెను. 1963 ఉద్యమమున డాక్టరు మార్టిన్ లూథర్ కింగ్ దిగినది అక్కడనే. ఆ యేడు మే నెలలో దానిపై బాంబు పడినది. 2017లో దానిని జాతీయ స్మారకములో చేర్చిరి.